ఓ హాకీ అభిమాని గోడు

"ఏం మాస్టారూ, మీ జట్టు నిన్న ఏం చేసింది?" అని మా రాయగడలో ఎవరైనా నన్ను పలకరిస్తే, అది కుశలప్రశ్న కాదు, ఎకసెక్కం అని నాకు బాగా తెలుసు. గెలిచిన మర్నాడు ఈ ప్రశ్న ఎవరూ వెయ్యరు. ఓడిన మర్నాడు మాత్రం పాలు పోసేవాడి దగ్గర్నుంచి స్టేషను రోడ్డులో టీ కొట్టు కుర్రాడి దాకా అందరికీ హాకీ మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొస్తుంది. నేను కూడా చిరునవ్వు నవ్వి, "ఒక్క గోలు తేడాలో పోయిందయ్యా" అని చెప్పి తప్పించుకుంటాను. ఈ యాభై ఏళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

మన పత్రికలో పండగల గురించి, పిండివంటల గురించి, పిల్లల చదువుల గురించి చదువుతుంటాం. ఈసారి ఒక రోగం గురించి రాస్తున్నాను. దీనికి మందు లేదు. ఒకనాడు ప్రపంచ విజేతల్ని మట్టి కరిపించి, మరునాడు తమకన్నా కింద ఉన్న జట్టు చేతిలో ఓడిపోయే మన జాతీయ హాకీ జట్టు మీద అభిమానం అనే రోగం. ఇది మా వంశంలో ఉంది. మా నాన్నగారి నుంచి నాకు వచ్చింది. నా తరవాత ఎవరికి అంటుకుంటుందో అన్నదే ఈ వ్యాసంలో నా బెంగ.

నాన్నగారి రేడియో

మా నాన్నగారు 1936లో పుట్టారు. ఆ సంవత్సరం ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి, అంతవరకూ మద్రాసు రాజధానిలో ఉన్న మన కోరాపుట్ ప్రాంతం అందులో కలిసింది. అదే సంవత్సరం ఆగస్టు 15న ధ్యాన్‌చంద్ నాయకత్వంలో మన జట్టు బెర్లిన్ ఒలింపిక్స్ ఫైనల్లో జర్మనీని 8-1తో ఓడించింది. "నేనూ, మన కోరాపుట్ జిల్లా, ఆ బంగారు పతకం ఒకే ఈడు వాళ్ళం" అని ఆయన తరచూ చెప్పుకునేవారు. తెలుగు ఇంట్లో పుట్టి, ఒడియా బడిలో చదివి, హిందీ వ్యాఖ్యానం వింటూ పెరిగిన మనిషి. రాష్ట్రం మారినా, జిల్లా మారినా (రాయగడ 1992 అక్టోబరు 2న కోరాపుట్ నుంచి విడిపోయింది) ఆయన జట్టు మాత్రం మారలేదు.

నాకు మొదటి జ్ఞాపకం 1975 మార్చి 15. నాకప్పుడు పదకొండేళ్ళు. కౌలాలంపూర్‌లో ప్రపంచ కప్పు ఫైనలు. మనకీ పాకిస్తానుకీ పోటీ. రేడియో బల్ల చుట్టూ మేమూ, పక్కింటి ఒడియా మాస్టారి కుటుంబమూ కూర్చున్నాం. మొదటి గోలు పాకిస్తాను వాళ్ళు కొట్టారు. సుర్జీత్ సింగ్ సమం చేశాడు. ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్ రెండోది కొట్టాడు. 2-1. రేడియోలో అరుపులకి మాట వినబడలేదు. నాన్నగారు నన్ను ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తారు. ఆ జట్టులో ఉన్న మైఖేల్ కిండో తరవాత మన రూర్కెలాలోనే స్థిరపడ్డాడు.

ఆ రాత్రి నేననుకున్నాను, ఇకమీదట ఎప్పుడూ ఇలాగే ఉంటుందని. పదకొండేళ్ళ వాడికి ఏం తెలుసు!

మరుసటి ఏడాదే, 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొట్టమొదటిసారి కృత్రిమ పచ్చిక మీద హాకీ ఆడించారు. మనవాళ్ళు ఏడో స్థానంతో వచ్చారు. 1928లో మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఒలింపిక్ పతకం లేకుండా తిరిగి రావటం అదే మొదలు. 1980లో మాస్కోలో మళ్ళీ స్వర్ణం. "చూశావా, పోయిన వస్తువు దొరికింది" అన్నారు నాన్నగారు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో పాకిస్తాన్ చేతిలో 1-7. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. 1986 ప్రపంచ కప్పులో పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ధన్‌రాజ్ పిళ్ళై నాయకత్వంలో స్వర్ణం. రెండేళ్ళకి సిడ్నీ ఒలింపిక్స్‌లో పోలండు మీద ఒక గోలు ఆధిక్యంలో ఉండి, చివరి నిముషాల్లో గోలు సమర్పించుకుని సెమీఫైనల్ పోగొట్టుకున్నారు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవటం మన జట్టుకి వెన్నతో పెట్టిన విద్య.

నేను కాడి పారేసిన రోజు

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. నేను నాన్నగారంత గట్టి అభిమానిని కాను. 2008 మార్చిలో చిలీ దేశపు శాంటియాగోలో బ్రిటన్ చేతిలో 0-2తో ఓడి, బీజింగ్ ఒలింపిక్స్‌కి అర్హతే పోగొట్టుకున్నారు. ఎనభై ఏళ్ళలో అలా జరగటం అదే మొదటిసారి. ఆ రోజున "ఇక చాలు" అనుకున్నాను.

2012లో లండన్ ఒలింపిక్స్. మనవాళ్ళు ఆరు ఆటలు ఆడి ఆరూ ఓడిపోయారు. చిట్టచివరి స్థానం. నాన్నగారికి అప్పటికి డెబ్భై ఆరేళ్ళు. ఆరు ఆటలూ టీవీ ముందు కూర్చుని చూశారు. నేను పక్క గదిలో పడుకున్నాను. ఆఖరి ఆట రోజున చిరాకు పట్టలేక అడిగాను.

"ఎందుకు నాన్నగారూ, ఓడిపోయేవాళ్ళ ఆట కూర్చుని చూడటం? ఆరోగ్యం పాడుచేసుకోవటం తప్ప ఏముంది?"

ఆయన టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే అన్నారు: "గెలిచినప్పుడు చూడ్డానికి ఊరంతా వస్తుందిరా. ఓడినప్పుడు చూసేవాడు ఒక్కడైనా ఉండొద్దూ?"

నేను సమాధానం చెప్పలేదు. పక్కన కూర్చోనూ లేదు. 2019లో ఆయన కాలం చేశారు.

2021 ఆగస్టు 5 ఉదయం ఏడు గంటలకి టోక్యోలో కాంస్య పతకం కోసం జర్మనీతో ఆట. మనవాళ్ళు 1-3తో వెనకబడ్డారు. నేను లేచిపోదామనుకున్నాను. ఖాళీగా ఉన్న నాన్నగారి పడకకుర్చీ కనబడింది. కూర్చుండిపోయాను. 3-3 అయింది, 5-3 అయింది, 5-4 అయింది. ఆట ముగియటానికి కొన్ని క్షణాల ముందు జర్మనీకి పెనాల్టీ కార్నర్. గోల్‌కీపర్ శ్రీజేష్ ఆ బంతిని ఆపేశాడు. నలభై ఒక్క సంవత్సరాల తరవాత ఒలింపిక్ పతకం! మా అమ్మ వంటింట్లోంచి వచ్చి టీవీకేసి చూసి, "ఆయన ఇంకో రెండేళ్ళు ఉండవలసింది" అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయింది.

ఒక విషయం గమనించండి. ఈ శ్రీజేషే ఆ ఒలింపిక్స్‌లోనే జులై 25న ఆస్ట్రేలియాతో ఆటలో ఏడు గోల్స్ ఇచ్చాడు. 1-7. సరిగ్గా 1982 నాటి లెక్క. పదకొండు రోజుల తరవాత అతనే దేశానికి పతకం నిలబెట్టాడు. అదే మనిషి, అవే కాళ్ళకు కట్లు, అదే కర్ర.

సంక్రాంతి ముందు రూర్కెలా

2018 నుంచి జాతీయ హాకీ జట్లకి మన ఒడిశా ప్రభుత్వమే ప్రాయోజకత్వం వహిస్తూ వచ్చిన సంగతి మీకు తెలుసు. 2018 ప్రపంచ కప్పు భువనేశ్వర్‌లో, 2023 ప్రపంచ కప్పు భువనేశ్వర్, రూర్కెలాల్లో జరిగాయి. రూర్కెలాలో బిర్సా ముండా పేరుతో ఇరవై వేలమందికి పైగా కూర్చునే స్టేడియం కట్టారు. సుందర్‌గఢ్ జిల్లా అంటే హాకీకి పుట్టినిల్లు లాంటిది. 412 అంతర్జాతీయ పోటీలు ఆడిన దిలీప్ తిర్కీ, ఇప్పటి తరంలో అమిత్ రోహిదాస్, ఇద్దరిదీ ఆ జిల్లాలోని సౌనామరా గ్రామమే.

2023 జనవరి 13న రూర్కెలాలో స్పెయిన్‌తో మన మొదటి ఆట. మర్నాడు భోగి. "పండగ పూట ఇల్లు వదిలి పోతావా? నీకూ మీ నాన్నకీ తేడా లేదు" అని అమ్మ కేకలేసింది. అది తిట్టో దీవెనో తేల్చుకోకుండానే సామలేశ్వరి ఎక్కేశాను. స్టేడియంలో నా చుట్టూ ఒడియా, సాదరి, హిందీ, బెంగాలీ. వాటి మధ్య నా తెలుగు కేక ఒకటి. సొంత జిల్లా కుర్రాడు అమిత్ రోహిదాస్ మొదటి గోలు కొట్టేసరికి ఆ భాషలన్నీ ఒకటైపోయాయి. 2-0తో గెలిచాం. భోగిమంట చల్లారాక ఇల్లు చేరాను. అమ్మ మాట్లాడలేదు గాని, నా వాటా బూరెలు దాచి ఉంచింది.

సరిగ్గా తొమ్మిది రోజులు ఆ సంబరం. జనవరి 22న భువనేశ్వర్‌లో న్యూజిలాండ్‌తో ఆట. 2-0తో ముందున్నారు, 3-1తో ముందున్నారు. చివరికి 3-3. షూటౌట్‌లో 4-5. క్వార్టర్ ఫైనల్ చేరకుండానే సొంత గడ్డ మీద కథ ముగిసింది, తొమ్మిదో స్థానంతో. అదే జట్టు, అదే ఏడాది అక్టోబరులో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. దారిలో పాకిస్తాన్‌ని 10-2తో చిత్తు చేసింది. ఇటువంటి జట్టుని ప్రేమించాలో కోప్పడాలో మీరే చెప్పండి.

ఇలా ఎందుకవుతుంది?

ఇన్నేళ్ళు చూసినవాడిగా నాకు తోచిన కారణాలు నాలుగు చెబుతాను. నేను శిక్షకుణ్ణి కాను, ఒట్టి ప్రేక్షకుణ్ణి.

మొదటిది నేల. మట్టి మీదా గడ్డి మీదా మన మణికట్టు పనితనం చెల్లింది. కృత్రిమ పచ్చిక మీద బంతి చదునుగా, వేగంగా పోతుంది. అక్కడ ఊపిరితిత్తుల బలం, పరుగు ముఖ్యం. ఐరోపా దేశాల్లో ఆ పచ్చిక చిన్న చిన్న క్లబ్బులకి కూడా వచ్చిన చాలా కాలానికి గాని మన పిల్లలకి అందలేదు. ఆ వెనకబాటు తీరటానికి ఒక తరం పట్టింది.

రెండోది గురువుల మార్పు. 2009 నుంచి 2021 దాకా బ్రాసా, నాబ్స్, వాల్ష్, వాన్ ఆస్, ఓల్ట్‌మన్స్, మరైనే, హరేంద్ర సింగ్, గ్రాహం రీడ్ - ఇంతమంది వచ్చారు. బడిలో లెక్కల మాస్టారు ఏడాదికొకరు మారితే పిల్లాడి లెక్కలు ఎలా ఉంటాయో, మన ఆటా అలాగే ఉంది.

మూడోది పెనాల్టీ కార్నర్ మీద ఆధారపడటం. హర్మన్‌ప్రీత్ సింగ్ చెయ్యి తిరిగిన రోజున ఎవరినైనా ఓడిస్తాం. ఆ రోజు అతని బంతి ఎదుటివాడి కర్రకి తగిలిందా, మిగతావాళ్ళు దిక్కులు చూస్తారు.

నాలుగోది చివరి పది నిముషాలు. ఆధిక్యంలో ఉన్నప్పుడు ఆట నడపాలా, కాపాడుకోవాలా అన్న తికమక. సిడ్నీలో పోలండ్, భువనేశ్వర్‌లో న్యూజిలాండ్, రెండూ ఆ పాపమే.

అయితే ఈ చంచలత్వం మన ఒక్కరి సొత్తు కాదు. బెల్జియం 2018లో ప్రపంచ విజేత, టోక్యోలో ఒలింపిక్ విజేత. పారిస్‌లో 2024లో క్వార్టర్ ఫైనల్లోనే స్పెయిన్ చేతిలో ఓడింది. రగ్బీ అనే ఆటలో ఫ్రాన్స్ జట్టుకి ఈ విషయంలో పెద్ద పేరు. 2011 ప్రపంచ కప్పులో చిన్న ద్వీప దేశం టోంగా చేతిలో ఓడి, మళ్ళీ అదే కప్పులో ఫైనలుకి చేరి, న్యూజిలాండ్‌తో 7-8, ఒకే ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది. అన్నట్టు మన ఒడిశా ఆదివాసీ ఆడపిల్లలు కూడా రగ్బీలో దేశం తరఫున ఆడుతున్నారు. పదిహేను మంది ఆడే పోటీలో భారత మహిళా జట్టుకి మొదటి అంతర్జాతీయ విజయం 2019 జూన్‌లో మనీలాలో దక్కింది, సింగపూర్ మీద 21-19తో. అంతకు ముందు అన్నీ ఓటములే. ఆ గెలుపు తెచ్చిన చివరి పెనాల్టీ కొట్టినది ఒడిశా పిల్ల సుమిత్రా నాయక్.

పారిస్‌లో మనవాళ్ళ ఆట కూడా తలుచుకోవాలి. ఆస్ట్రేలియాని ఒలింపిక్స్‌లో 1972 తరవాత మళ్ళీ ఓడించారు. బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్లో అమిత్ రోహిదాస్‌కి ఎర్ర కార్డు చూపిస్తే, నలభై నిముషాలకు పైగా పదిమందితో ఆడి, షూటౌట్‌లో గెలిచారు. వరసగా రెండో కాంస్యం. ఆ తరవాతే శ్రీజేష్ ఆట విరమించాడు.

మనవరాలి ప్రశ్న

ఇక అసలు సంగతి. మా అమ్మాయి కుటుంబం సునాబేడలో ఉంటుంది. మనవరాలికి పదమూడేళ్ళు. బడి హాకీ జట్టులో గోల్‌కీపరు. ఎర్రమట్టి మైదానం, ఇద్దరు పిల్లలు వంతులవారీగా వేసుకునే ఒకే జత కాళ్ళ కట్లు. క్రితం చలికాలంలో పక్క ఊరి జట్టుతో ఆడి ఏడు గోల్స్ తినేసింది. అప్పట్నుంచి కర్ర అటక మీద పడేసింది. "బడి తెరిచాక నేను ఆడను" అని వాళ్ళమ్మతో తెగేసి చెప్పింది.

2025 జూన్‌లో సెలవులకి రాయగడ వచ్చింది. అప్పుడే ఐరోపాలో ప్రో లీగ్ పోటీలు. నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఎంత తప్పు చేశానో తరవాత తెలిసింది. నెదర్లాండ్స్‌తో 1-2, 2-3. అర్జెంటీనాతో 3-4, 1-2. ఆస్ట్రేలియాతో 2-3, 2-3. బెల్జియంతో 3-6. వరసగా ఏడు ఓటములు, అందులో ఆరు ఒక్క గోలు తేడాతో!

నాలుగో ఓటమి రాత్రి ఆ పిల్ల లేచి నిలబడి అడిగింది: "తాతయ్యా, ఓడిపోయేవాళ్ళ ఆట ఎందుకు చూస్తావు నువ్వు?"

నాకు నోట మాట రాలేదు. అది నా ప్రశ్నే. పదమూడేళ్ళ కిందట ఇదే గదిలో, ఇదే కుర్చీలో ఉన్న మనిషిని నేనడిగినది. మా నాన్నగారి సమాధానం ఆ పిల్లకి చెప్పాను. ఆ రోజు నేను ఆయన పక్కన కూర్చోలేదని కూడా చెప్పాను. అది చెప్పటం కష్టమైంది.

తరవాత మీర్ రంజన్ నేగీ కథ చెప్పాను. 1982లో ఆ ఏడు గోల్స్ తిన్న గోల్‌కీపరు ఆయనే. దేశమంతా ఆడిపోసుకుంది. డబ్బు తిన్నాడని కూడా అన్నారు. ఆటకి దూరమైనా, ఆయన మళ్ళీ హాకీలోకి తిరిగి వచ్చాడు. 2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన మన మహిళా జట్టు శిక్షక బృందంలో ఆయన ఉన్నాడు. శ్రీజేష్ ఏడు గోల్స్ సంగతీ చెప్పాను. మన తెలుగువాళ్ళలో మూడు ఒలింపిక్స్ ఆడిన హైదరాబాదు ముకేష్ కుమార్ గురించి, చిత్తూరు జిల్లా పల్లెలోంచి వెళ్ళి దేశానికి గోల్‌కీపరుగా ఆడిన ఇ. రజని గురించి చెప్పాను. పిల్ల విన్నదో లేదో తెలియదు. "ఆవిడ కూడా తెలుగేనా?" అని ఒక్క మాట అడిగి పడుకుంది.

జూన్ 22న ఆఖరి ఆటలో బెల్జియం మీద 4-3తో గెలిచారు. అప్పటికి మనవరాలు సునాబేడ వెళ్ళిపోయింది. ఫోను చేసి చెప్పబోయాను. "చూశాను తాతయ్యా" అంది. నాకది చాలు. ఆ ఏటి లీగులో తొమ్మిది జట్లలో ఎనిమిదో స్థానం వచ్చిందన్నది వేరే సంగతి.

వినాయక చవితికి అమ్మనీ నన్నూ సునాబేడ తీసుకెళ్ళారు. బీహారులోని రాజ్‌గిర్‌లో ఆసియా కప్పు. సెప్టెంబరు 7 ఆదివారం రాత్రి కొరియాతో ఫైనలు. ఆ రాత్రే సంపూర్ణ చంద్రగ్రహణం. మా అమ్మ మధ్యాహ్నానికే వంటిల్లు కడిగించి, దర్భలు వేయించింది. "ఆకలితో ఆట ఏం చూస్తారు?" అంది. ఇద్దరం పస్తుతోనే కూర్చున్నాం. మొదటి నిముషంలోనే సుఖ్‌జీత్ గోలు. దిల్‌ప్రీత్ రెండు. నాలుగోది మన అమిత్ రోహిదాస్. 4-1. గ్రహణం పట్టేలోగా ఆట ముగిసింది. 2026 ప్రపంచ కప్పుకి నేరుగా అర్హత దొరికింది. మూడు నెలల కిందట ఏడు ఆటలు వరసగా ఓడిన జట్టే ఇది!

విడుపు స్నానాలయ్యేసరికి అర్ధరాత్రి దాటింది. పిల్ల ఎంతకీ కనబడదు. చూస్తే వరండాలో నిచ్చెన వేసుకుని అటక మీద వెతుకుతోంది.

నెల తిరగకుండా ఒక సాయంత్రం ఫోను వచ్చింది. అదే పక్క ఊరి జట్టుతో మళ్ళీ ఆడారట. "ఏమైందమ్మా?" అన్నాను, భయపడుతూనే.

"ఓడిపోయాం తాతయ్యా" అంది. గొంతులో ఏడుపు లేదు. "కానీ ఈసారి మూడే."

వచ్చే ఆట ఆదివారం ఉందట. నేను ఆ రోజు ఉదయం బండికే కోరాపుట్ వెళుతున్నాను. గెలిస్తే చూడ్డానికి ఊరంతా ఉంటుంది. ఓడితే చూడ్డానికి నేనైనా ఉండొద్దూ?